కంటెయినరులో సుడో వినియోగం (క్లౌడ్ గేమింగ్)

సుడో అనేది యునిక్స్, లినక్స్ తరహా నిర్వహణ వ్యవస్థలలో సాధారణ వాడుకరి ఒక ఆదేశాన్ని నిర్వాహకుని, అనగా రూట్ వాడుకరి, అధికారంతో నడుపుటకు ఉపయోగపడే ప్రోగ్రాము. ఆటను దూరపు సర్వరులో నడిపి, దృశ్యాన్ని అంతర్జాలం ద్వారా ఆటగాని తెరకు పంపే పద్ధతిని క్లౌడ్ గేమింగ్ అంటారు. సొంత సర్వరుపై ఈ ఏర్పాటు చేసుకొనేవారిలో పలువురు ఆటను కంటెయినరులో నడుపుతారు. అక్కడ సుడో ప్రభావం మామూలు కంప్యూటరులో ఉన్నట్లు ఉండదు.

చరిత్ర

సుడోను 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలోలో గల న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ రూపొందించారు. కంటెయినర్లను విస్తృత వాడుకలోకి తెచ్చిన డాకర్ 2013లో వెలువడింది.

రూట్ అధికారపు పరిధి

కంటెయినరుకు సొంత కెర్నల్ ఉండదు. గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో గదులు వేరైనా చల్లబరచే యంత్రాంగం ఒక్కటే అయినట్లు, కంటెయినర్లన్నీ ఆతిథేయ కంప్యూటరు కెర్నల్‌నే పంచుకుంటాయి. డాకర్ సాధారణ అమరికలో లోపలి రూట్, బయటి రూట్ సంఖ్య ఒకటే: సున్న. లోపలి రూట్‌కు కొన్ని అధికారాలు తగ్గించబడతాయి, అంతే. 2019 ఫిబ్రవరిలో రన్‌సీ అనే భాగంలో బయటపడిన లోపం వలన, కంటెయినరులోని రూట్ ఆతిథేయ కంప్యూటరుపై కూడా ఆధిపత్యం పొందగల వీలు ఏర్పడింది. యూజర్ నేమ్‌స్పేసుల ద్వారా లోపలి రూట్‌ను బయట అధికారం లేని సంఖ్యకు జోడించిన చోట ఆ దాడి సాగదు.

ఆటల విషయంలో

ఆటకు గ్రాఫిక్స్ కార్డు, గేమ్‌ప్యాడ్ కావాలి. ఇవి పనిచేయనప్పుడు కంటెయినరును "ప్రివిలేజ్డ్" పద్ధతిలో నడపడం పలువురు ఎంచుకొనే దగ్గరి దారి. దీనివలన ఆతిథేయ కంప్యూటరులోని పరికరాలన్నీ లోపలికి తెరుచుకుంటాయి. అవసరమైన పరికరాలను మాత్రమే అందించుట సరైనది. డాకర్ సాకెట్‌ను లోపలికి ఇచ్చుట ఆతిథేయ కంప్యూటరు రూట్ అధికారం ఇచ్చుటతో సమానము.

గ్రాఫిక్స్ డ్రైవరులోని కెర్నల్ భాగం ఆతిథేయ కంప్యూటరుకు చెందినది కనుక దానిని లోపల సుడోతో స్థాపించి ప్రయోజనం లేదు. లోపల స్థాపించిన ఇతర ప్యాకేజీలు కూడా కంటెయినరును తొలగించి మళ్ళీ సృష్టించినపుడు పోతాయి; వాటిని ఇమేజిలోనే చేర్చాలి.

ఎక్కువమందికి ఎదురయ్యే చిక్కు మరొకటి. ఆటను ఒక్కసారి సుడోతో నడిపినా, భద్రపరచిన ఆట ఫైళ్ళు రూట్ పేర ఏర్పడవచ్చు. తరువాత సాధారణ వాడుకరిగా ఆడినపుడు ఆట వాటిపై వ్రాయలేదు, ఆటగాడు సాధించిన ప్రగతి నిలవదు. అప్పుడు ఆ ఫైళ్ళను తొలగించనక్కరలేదు. చోన్ ఆదేశంతో యాజమాన్యాన్ని ఆట నడిపే వాడుకరికి మారిస్తే చాలును.