ఇసుర్రాయి లెక్క తిరిగే ఇంజన్: ఎన్‌ఎస్‌యూ ఆర్‌ఓ 80 కారు చరిత్ర

మన గ్రూపుల ఐటీఐ, పాలిటెక్నిక్ చదివే తమ్ముళ్లు, చెల్లెండ్లు చాలామంది ఉన్నరు గనక ఈసారి ఒక కారు చరిత్ర రాస్తున్న. మన రోడ్ల మీద తిరిగే కారు కాదు, జర్మనీది. కానీ దాని కథ మనకు కొత్తగ అనిపియ్యదు.

సుల్తానాబాద్‌ల రైస్ మిల్లులు రాకముందు మన అవ్వలు వడ్లు రోకలితోని దంచేటోళ్లు, జొన్నలు ఇసుర్రాయిల ఇసిరేటోళ్లు. రోకలి లేవాలె, ఆగాలె, మళ్ల పడాలె. ఇసుర్రాయికి ఆగుడు లేదు. మామూలు ఇంజన్ల పిస్టన్ రోకలి అసొంటిది. ఫెలిక్స్ వాంకెల్ అనే జర్మన్ ఇసుర్రాయి అసొంటి ఇంజన్ కోసం ఏండ్ల తరబడి పట్టుబట్టిండు. నడుమ కొంచెం నొక్కుకపోయిన గుడ్డు ఆకారం గదిల మూడు మూలల రోటర్ తిరుగుతది. పెట్రోలు గాలి పీల్చుడు, నొక్కుడు, మండించుడు, పొగ వదులుడు అన్నీ ఆ తిరుగుట్లనే అయిపోతయి. వాల్వులు లేవు, అదురుడు లేదు.

డిగ్రీ లేకుండ ఇంజన్ కనిపెట్టిండని వాంకెల్‌ను ఆదర్శంగ చూపెడ్తరు. డిగ్రీ లేని మాట నిజమే. కానీ ఆయన 1922లోనే నాజీ పార్టీల చేరిండు, తర్వాత హిట్లర్ ఎస్‌ఎస్ దళంల గూడ కొంతకాలం ఉన్నడు. జాతి పేరు మీద మనుషులను చంపిన దళం అది. మనం చదివేటప్పుడు ఆ సగం గూడ చదవాలె.

ఈ ఇంజన్‌ను పట్టుకున్నది ఎన్‌ఎస్‌యూ కంపెనీ. 1873ల అల్లిక మిషన్లతో మొదలై, సైకిళ్లు, మోటార్ సైకిళ్లు చేసి, నెక్కార్‌సుల్మ్ పట్టణంల స్థిరపడ్డ కంపెనీ. 1967ల ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనల ఆర్‌ఓ 80ని చూపెట్టింది. ఇంటిల్లిపాది కూసునే పెద్ద కారు, రెండు రోటర్లు, 115 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకు డిస్క్ బ్రేకులు, క్లచ్ పెడల్ లేదు. క్లాస్ లూథె గీసిన ఆ ఆకారం ఇప్పటి కార్ల పక్కన పెట్టినా పాతగ కనిపియ్యదు. 1968ల యూరప్ మేటి కారు బహుమతి వచ్చింది.

కష్టమంతా మూలల కాడ వచ్చింది. రోటర్ మూడు మూలలకు సన్నటి సీల్ పట్టీలు ఉంటయి. అవి గోడను ఒరుసుకుంట తిరగాలె, గ్యాస్ బయటికి పోనియ్యొద్దు. మొదటి కార్లల్ల ఆ పట్టీలు తొందరగ అరిగిపోయినయి. కొన్ని ఇంజన్లు 50 వేల కిలోమీటర్లు గూడ నడువలే, కొన్నిటికి 24 వేలకే తిప్పలు మొదలైనయి. కంపెనీ వారంటీ కింద ఇంజన్లు మార్చుకుంటనే పోయింది. ఆర్‌ఓ 80 నడిపేటోళ్లు ఎదురుపడితే, ఎన్ని ఇంజన్లు మారినయో వేళ్లు చూపెట్టుకునేటోళ్లని ఒక జోక్ గూడ ఉంది.

పట్టీల లోహం మార్చినంక ఇంజన్ బాగుపడ్డది. కానీ అప్పటికే పేరు పోయింది. పరీక్ష పూర్తిగాకముందే అమ్మినరు అన్నది నా అభిప్రాయం. జపాన్‌ల మాజ్డాకు గూడ ఇదే రోగం. గదుల గోడల మీద పడ్డ గీతలను వాళ్లు దయ్యం గోళ్లు అన్నరు. కెనిచి యమమొతో కింద 47 మంది ఇంజనీర్లు కూసొని, కార్బన్ కలిపిన సీళ్లతో దాన్ని దారికి తెచ్చినరు. 1991ల లె మాన్స్ 24 గంటల రేసు రోటరీ ఇంజన్‌తోనే మాజ్డా గెలిచింది.

ఎన్‌ఎస్‌యూకు అంత ఓపిక పట్టే పైసల్లేవు. 1969ల ఫోక్స్‌వాగన్ దాన్ని ఆటో యూనియన్‌తో కలిపేసింది. 1973ల చమురు సంక్షోభం వచ్చింది, ఈ ఇంజనేమో పెట్రోలు బాగ తాగేది. 1975 వరకు నెక్కార్‌సుల్మ్ ఫ్యాక్టరీనే మూసేస్తరన్న మాట వచ్చింది. 1999ల రామగుండం ఎరువుల ఫ్యాక్టరీ మూతవడ్డ సంగతి ఇంట్ల పెద్దలను అడిగితే, ఆ మాటకు బరువెంతో తెలుస్తది. పట్టీ అరిగింది ఎవరి తప్పు? లైన్ల నిలవడి బోల్టులు బిగించినోడిది కాదు. ఆ ఏప్రిల్‌ల వేల మంది కార్మికులు నెక్కార్‌సుల్మ్ నుంచి హైల్‌బ్రోన్ దాక నడిచినరు.

ఫ్యాక్టరీ మూతవడలే. ఇప్పటికీ అక్కడ ఆడి కార్లు తయారైతున్నయి. ఆర్‌ఓ 80 మాత్రం సుమారు 37 వేల కార్ల కాడ, 1977ల ఆగిపోయింది.