బాడీ కంట్రోల్ మాడ్యూలు

బాడీ కంట్రోల్ మాడ్యూలు అనేది వాహనంలోని లోపలి దీపాలు, తలుపు తాళాలు, దొంగతన నిరోధక వ్యవస్థ మొదలైనవాటిని నియంత్రించే చిన్న కంప్యూటరు. 1999 మోడలుతో మొదలైన తొలితరం షెవర్లె సిల్వరాడో ట్రక్కులలో ఇది స్టీరింగు సమీపాన, డాష్‌బోర్డు అడుగున ఉంటుంది.

లోపాల లక్షణాలు

తలుపు తాళాలు పనిచేయకపోవడం, దీపాలు ఆరకపోవడం, నిలిపి ఉంచిన వాహనంలో బ్యాటరీ ఖాళీ కావడం, ఇంజను అంటుకొని వెంటనే ఆగిపోవడం ముఖ్య లక్షణాలు. అయితే కాలిన ఫ్యూజు, తుప్పుపట్టిన ఎర్తు కనెక్షను, అరిగిన ఇగ్నిషను తాళం వలన కూడా ఇటువంటి ఇబ్బందులే కలుగవచ్చును. కనుక ముందుగా వాటిని పరీక్షించాలి.

మార్పిడి

బ్యాటరీ నెగటివు తీగను విప్పిన పిదప పాత మాడ్యూలును తొలగించి, అదే రకానికి చెందిన దానిని అమర్చాలి. వాహనంలోని సదుపాయాల వివరాలను డయాగ్నస్టిక్ పరికరంతో అందులో నమోదు చేయాలి. ఈ ట్రక్కులలోని 'పాస్‌లాక్' రక్షణ వలన, కొత్త మాడ్యూలు పంపే సంకేతాన్ని ఇంజను కంప్యూటరు గుర్తించక ఇంధనాన్ని నిలిపివేస్తుంది. దానిని గుర్తింపజేయుటకు తాళంచెవిని స్టార్టు స్థానానికి తిప్పి వదలి, ఆన్ స్థానంలోనే ఉంచి, భద్రతా దీపం ఆరేవరకు సుమారు 10 నిమిషాలు వేచియుండాలి. తరువాత కొద్ది సెకన్లు ఆఫ్ చేయాలి. ఈ విధంగా 3 పర్యాయాలు చేసిన పిమ్మట ఇంజను నడుస్తుంది. ఇందుకు సుమారు 30 నిమిషాలు పడుతుంది కాబట్టి బ్యాటరీ పూర్తిగా ఛార్జి అయి ఉండాలి.