నూనె నడిపించిన ఆట

బౌలింగ్ అనగానే మనవాళ్ల నజర్ క్రికెట్ మీదికి పోతుంది. నేను చెప్పేది పది పిన్‌లను బరువైన బంతితో పడగొట్టే అమెరికా ఆట గురించి. దాని తారీఖ్ చదువుతుంటే ఇది బంతి కహానీ కంటే నూనె కహానీయే అనిపించింది నాకు.

బంతి దొర్లే లేన్ గీత నుంచి మొదటి పిన్ దాకా 60 అడుగులు. పాత జమానాలో లేన్లన్నీ చెక్కవే. ఆ చెక్క, దాని పైపూత అరిగిపోకుండా నూనె రాసేవారు. హిఫాజత్ కోసం వచ్చిన నూనె మెల్లగా ఆటకే మాలిక్ అయింది. నూనె ఉన్నచోట బంతి జారుతుంది. చివర్న పొడిగా ఉన్నచోట పట్టు దొరికి వంపు తిరుగుతుంది. అలా పక్కనుంచి వంపుగా వచ్చి తగిలితే పదీ పడే మౌకా ఎక్కువ.

బంతులు మొదట గట్టి చెక్కవి. 1905లో రబ్బరువి వచ్చాయి, 1960ల నాటికి ప్లాస్టిక్‌వి. 1973లో డాన్ మెక్యూన్ అనే ఆటగాడు ప్లాస్టిక్ బంతిని రసాయనంలో నానబెట్టి పైభాగం మెత్తబరిచాడు. మెత్తటి బంతికి లేన్ మీద పట్టు ఎక్కువ. ఆ ఒక్క ఏడాదే ఆరు టైటిళ్లు గెలిచాడు! గెలిచింది హునరా, రసాయనమా అని బహస్ లేచింది. చివరికి బంతి ఇంతకన్నా మెత్తగా ఉండకూడదని కానూన్ వచ్చింది.

లేకిన్ పట్టు కోసం తలాష్ ఆగలేదు. 1980ల మొదట్లో యూరిథేన్, 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ బంతులొచ్చాయి. రెజిన్ పైపొరలోని సన్నని రంధ్రాలు నూనెను పీల్చుకుంటాయి.

క్యారం ఆడేవాళ్లకు బోర్డు మీద పౌడర్ ఎంత ఫరక్ తెస్తుందో తెలుసు. ఇక్కడ బంతినే సిద్ధం చేసుకుంటారు. నూనె ఎక్కువుంటే 500, 1000 నంబర్ల గరుకు ప్యాడ్‌తో రుద్ది మెరుపు తీసేస్తారు, తొందరగా పట్టు దొరుకుతుంది. నూనె తక్కువుంటే పాలిష్ పెడతారు, బంతి చాలా దూరం జారి ఆఖర్న తిరుగుతుంది. ఆట సాగేకొద్దీ బంతులే నూనెను తుడిచేస్తాయి. పొద్దున సరిపోయిన బంతి మధ్యాహ్నానికి బేకార్ కావచ్చు.

మామూలు సెంటర్లలో మధ్యన నూనె దట్టంగా, అంచుల్లో పల్చగా ఉంటుంది. గురి కాస్త తప్పినా బంతి దారిలోకొస్తుంది. పెద్ద పోటీల్లో నూనెను దాదాపు సమానంగా పరుస్తారు, అక్కడ గల్తీకి మాఫీ తక్కువ. ఖరీదైన బంతి ఎవరైనా కొనుక్కోవచ్చు. కంటికి సరిగా కనపడని నూనెను బంతి నడకలో చదవడం మాత్రం మెహనత్‌తోనే వస్తుంది. నా లెక్కలో అసలు హునర్ అదే.