క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్

క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ (జననం: 1950) బ్రిటిష్ మానసిక వైద్యుడు, పరిశోధకుడు, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ విశ్రాంత ఆచార్యుడు. బులీమియా నెర్వోసా అనే ఆహార సంబంధ మానసిక రుగ్మతకు మందులతో కాక, సంభాషణతోను అభ్యాసంతోను చేసే చికిత్సను రూపొందించినవాడిగా ప్రసిద్ధుడు. చికిత్సను కనిపెట్టడం ఈయన పనిలో సగమే. దానిని ముప్పై ఏళ్లకు పైగా ఇతర చికిత్సలతో పోటీకి నిలబెట్టి, అనుకూలమైన ఫలితాన్నీ ప్రతికూలమైన ఫలితాన్నీ ప్రకటించడం మిగిలిన సగం. అందువలన ఈ వ్యాసంలో ఆ పరీక్షల గురించి కొంత విపులంగా వ్రాయడమైనది.

రుగ్మత నేపథ్యం

ఆహార సంబంధ మానసిక రుగ్మతలలో మొదట గుర్తింపు పొందినది అనోరెక్సియా నెర్వోసా. లావైపోతామనే భయంతో ఆహారాన్ని విపరీతంగా తగ్గించి, ప్రాణాపాయం వచ్చేంతగా బరువు కోల్పోవడం దీని లక్షణం. లండనులో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లాసెగ్ 1873 ప్రాంతంలోనే దీనిని వర్ణించారు. బులీమియా నెర్వోసాకు మాత్రం ఆ పేరు వచ్చినది శతాబ్దం తరువాత. 1979లో జెరాల్డ్ రస్సెల్ అనే వైద్యుడు 30 మంది రోగుల వివరాలతో ఒక వ్యాసం ప్రచురించి, ఇది అనోరెక్సియాకు సంబంధించిన మరొక రూపమని, నయం చేయడం కష్టమని హెచ్చరించాడు.

ఈ జబ్బు ఉన్నవారు కొద్దిసేపటిలో అదుపు తప్పి చాలా ఎక్కువగా తింటారు. ఆ వెంటనే భయము, సిగ్గు కలిగి, తిన్నదానిని బలవంతంగా వాంతి చేసుకుంటారు, లేదా విరేచన మాత్రలు మింగుతారు, లేదా మరునాడంతా పస్తుంటారు. బరువు చాలావరకు మామూలుగానే ఉంటుంది కనుక ఒకే ఇంట్లో ఉన్నవారికి కూడా తెలియదు. తరచూ వాంతుల వలన పళ్లపైని ఎనామిల్ పొర అరిగిపోతుంది. రక్తంలో పొటాషియం తగ్గి గుండె లయ తప్పే ప్రమాదమూ ఉన్నది. బ్రిటన్ యువరాణి డయానా తాను ఏళ్ల తరబడి ఈ జబ్బుతో బాధపడినట్లు 1995 నవంబరులో బి.బి.సి. ముఖాముఖిలో చెప్పిన తరువాత ఈ పేరు సామాన్య ప్రజలకు కూడా పరిచయమైనది.

ఇక్కడ ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఏకాదశి ఉపవాసము, శనివారం ఒంటిపూట భోజనము వంటివి ఈ రుగ్మతల కిందికి రావు. శరీరాకృతి, బరువు అనే రెండింటితోనే మనిషి తన విలువను కొలుచుకోవడం ఈ జబ్బుకు మూలం. తిండి మానడం దాని పర్యవసానం.

తొలి పరిశోధన

ఫెయిర్‌బర్న్ ఆక్స్‌ఫర్డ్‌లో వైద్యవిద్య చదివి, ఎడిన్‌బరోలో మానసిక వైద్యంలో శిక్షణ పొందాడు. తరువాతి పరిశోధన జీవితమంతా దాదాపుగా ఆక్స్‌ఫర్డ్‌లోనే గడచినది. దీర్ఘకాలం వెల్‌కమ్ ట్రస్టు ఆర్థిక సహాయం లభించింది. ఒకే సమస్య మీద దశాబ్దాలు నిలిచి పనిచేయగలగడానికి ఇదొక ముఖ్య కారణమని చెప్పవచ్చును. మానసిక చికిత్సలో ఒక్క ప్రయోగానికి రోగులను చేర్చుకొని, చికిత్స చేసి, ఏడాది తరువాత మళ్లీ పరిశీలించి ఫలితం వ్రాసేసరికి అయిదారేళ్లు పడుతుంది. రెండు మూడేళ్ల గ్రాంటులతో నడిచే పని కాదు.

ఈయనకు ఎదురైన మొదటి ప్రశ్న చికిత్స గురించినది కాదు. అసలు ఇటువంటి రోగులు ఎందరున్నారు? ఆసుపత్రులకు వచ్చేవారు బహు స్వల్పం. 1980లో స్త్రీల పత్రిక కాస్మోపాలిటన్‌లో ఒక చిన్న ప్రకటన వేయించి, బరువు తగ్గడానికి వాంతి చేసుకునేవారు తమకు ఉత్తరం వ్రాయవలసినదిగా కోరారు. ఉత్తరాలు వందల సంఖ్యలో వచ్చాయి. వాటి ఆధారంగా పంపిన ప్రశ్నావళికి జవాబిచ్చినవారిలో 499 మందికి బులీమియా నెర్వోసా లక్షణాలు ఉన్నట్లు తేలింది. పీటర్ కూపర్‌తో కలసి ఈ ఫలితాలను 1982లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించాడు. ఆ స్త్రీలలో ఎక్కువమంది ఇరవైల వయసువారు. చికిత్స పొందుతున్నవారు చాలా కొద్దిమంది. అరుదైనదని అనుకున్న జబ్బు అరుదైనది కాదని, దాగి ఉన్నదని ఈ పత్రిక ప్రకటన ద్వారా బయటపడింది.

చికిత్స రూపకల్పన

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీని (సి.బి.టి.) అమెరికాలో ఆరన్ బెక్ మానసిక కుంగుబాటు కోసం అప్పటికే అభివృద్ధి చేసి ఉన్నాడు. మనిషి ఆలోచనా విధానాన్ని, ప్రవర్తనను పరిశీలించి, వాటిని రోగి చేతనే క్రమంగా మార్పించే పద్ధతి ఇది. ఫెయిర్‌బర్న్ దీనిని బులీమియాకు అనుగుణంగా మలచి, 11 మంది రోగులకు చేసిన చికిత్స వివరాలను 1981లో ప్రకటించాడు. సంఖ్య చిన్నదే, పోలిక కోసం వేరే గుంపు కూడా లేదు. కానీ నయం కావడం కష్టమని రెండేళ్ల క్రితం చెప్పిన జబ్బులో ఎక్కువమందికి మేలు కనిపించింది.

ఈయన సిద్ధాంతం ఒక విషవలయాన్ని వివరిస్తుంది. బరువు గురించిన అతి చింత వలన మనిషి తనకు తాను కఠినమైన ఆహార నియమాలు పెట్టుకుంటాడు. ఎవరికీ సాధ్యం కాని ఆ నియమాలు ఏదో ఒకరోజు తప్పుతాయి. ఒక బిస్కెట్టు తినగానే "నియమం ఎలాగూ పోయింది" అనుకొని డబ్బా అంతా ఖాళీ చేస్తాడు. ఆ తరువాత వాంతి. వాంతితో సరిపోతుందన్న ధీమా వలన తినడానికి మరింత అదుపు పోతుంది. దానితో బరువు భయం పెరిగి నియమాలు మరింత బిగుస్తాయి. అతిగా తినడానికి కారణం ఆకలి మీద అదుపు లేకపోవడమని రోగి నమ్ముతాడు. అదుపు మితిమీరడమే కారణమని ఈ సిద్ధాంతం చెబుతుంది. నిజానికి వాంతి వలన తిన్నదంతా బయటకు రాదు, శక్తిలో గణనీయమైన భాగం శరీరంలోనే నిలిచిపోతుంది. ఈ ఒక్క విషయం వివరించడం కూడా చికిత్సలో భాగమే.

చికిత్స సాధారణంగా 20 వారాలలో 20 సమావేశాలుగా జరుగుతుంది. మొదట వారానికి రెండుసార్లు. రోగి తాను తిన్నది తిన్నవెంటనే, అప్పటి మనఃస్థితితో సహా, ఒక కాగితం మీద వ్రాసుకోవాలి. వారానికొకసారి, చికిత్సకుని సమక్షంలో మాత్రమే, బరువు చూసుకోవాలి. రోజుకు మూడు పూటల భోజనము, రెండు మూడు సార్లు చిరుతిండి చొప్పున, నాలుగు గంటలకు మించి విరామం లేకుండా తినాలి. తిండి గురించి భయపడేవారిని మరింత క్రమంగా తినమనడం వింతగా తోచవచ్చును. కానీ అదుపు తప్పి తినడం మొదట తగ్గేది ఈ క్రమం వలననే. శరీరాకృతి గురించిన చింత, అద్దంలో పదేపదే చూసుకోవడం, నిషిద్ధ ఆహారాల జాబితా వంటి లోతైన విషయాలను తరువాతి దశలలో తీసుకుంటారు. చివరి దశలో జబ్బు తిరగబెట్టకుండా జాగ్రత్తలు నేర్పుతారు.

చికిత్స పనిచేసినదో లేదో చెప్పాలంటే కొలమానం కావాలి. జాఫ్రా కూపర్‌తో కలసి ఫెయిర్‌బర్న్ 1987లో ప్రకటించిన ఈటింగ్ డిజార్డర్ ఎగ్జామినేషన్ (ఇ.డి.ఇ.) అనే ముఖాముఖి పద్ధతి ఇందుకు ప్రామాణికమైనది. దాని ప్రశ్నావళి రూపం 1994లో వచ్చింది. అనేక దేశాలలో ఇవి వాడుకలో ఉన్నాయి. చికిత్సకు వచ్చినంత పేరు కొలమానానికి రాకపోయినా, రంగానికి చేసిన మేలులో ఇది తక్కువైనది కాదు.

పోటీ పరీక్షలు

మాటలతో చేసే చికిత్సపై సహజంగా వచ్చే సందేహం ఒకటి ఉన్నది. శ్రద్ధగా వినే మనిషి దొరికితే ఎవరికైనా కొంత ఊరట కలుగుతుంది, ఇందులో ఈ చికిత్స ప్రత్యేకత ఏమిటి? దీనికి సమాధానం కావాలంటే రోగులను చీటీలు వేసినట్లు గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపుకు ఒక్కొక్క చికిత్స చేసి చూడాలి.

ఆక్స్‌ఫర్డ్‌లో 75 మందిని మూడు గుంపులు చేసి ఇటువంటి పరీక్ష జరిపారు. ఒక గుంపుకు పూర్తి సి.బి.టి., రెండవదానికి ఆలోచనల జోలికి పోని ప్రవర్తన చికిత్స, మూడవదానికి ఇంటర్‌పర్సనల్ సైకోథెరపీ (ఐ.పి.టి.). ఈ మూడవది జెరాల్డ్ క్లెర్మన్, మిర్నా వైస్‌మన్ తదితరులు కుంగుబాటు కోసం రూపొందించినది. మానవ సంబంధాలలోని చిక్కుల గురించే మాట్లాడుతుంది. ఈ పరీక్షలో ఐ.పి.టి. చికిత్సకులు తిండి, బరువుల ప్రస్తావన తేలేదు. చికిత్స ముగిసిన నాటికి సి.బి.టి. ముందున్నది. కానీ ఏడాది గడిచేసరికి ఐ.పి.టి. గుంపువారు వారిని అందుకున్నారు. ప్రవర్తన చికిత్స గుంపు వెనుకబడింది. తిండి ఊసెత్తని చికిత్స తిండి జబ్బును తగ్గించడం ఈయన సిద్ధాంతానికి ఇబ్బందికరమైన విషయం. ఆ ఫలితాన్ని 1993లో ఉన్నదున్నట్లు ప్రచురించాడు. సుమారు ఆరేళ్ల తరువాత అదే రోగులను వెదకి చూసినప్పుడూ సి.బి.టి., ఐ.పి.టి. గుంపులు రెండూ మెరుగ్గానే ఉన్నాయి.

అనంతరం స్టాన్‌ఫర్డ్, కొలంబియా విశ్వవిద్యాలయాలలో స్టూవర్ట్ ఆగ్రాస్, తిమోతీ వాల్ష్ తదితరులతో కలసి 220 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2000లో వచ్చాయి. చికిత్స ముగింపులో సి.బి.టి. పొందినవారిలో 29 శాతం, ఐ.పి.టి. పొందినవారిలో 6 శాతం కోలుకున్నారు. ఏడాది తరువాత తేడా గణనీయంగా లేదు. అంటే సి.బి.టి. త్వరగా పనిచేస్తుంది. అయినా 29 శాతమంటే మూడింట ఒక వంతు కూడా కాదు.

ఈ పరీక్షలన్నిటిలో చికిత్స రూపకర్తే పరీక్షకుడు కావడం ఒక లోపమని విమర్శ ఉన్నది. దీనికి బలమైన జవాబు 2014లో కోపెన్‌హేగెన్ నుండి వచ్చింది. స్టిగ్ పోల్సన్, సుసాన్ లున్ మనోవిశ్లేషణ సంప్రదాయానికి చెందినవారు, బులీమియాకు ఆ పద్ధతిలో రెండేళ్ల చికిత్సను తామే రూపొందించారు. దానిని అయిదు నెలల సి.బి.టి.తో 70 మంది రోగులపై పోల్చారు. అయిదు నెలలకు అతిగా తినడం, వాంతి రెండూ పూర్తిగా ఆగినవారు సి.బి.టి. గుంపులో 42 శాతం, మనోవిశ్లేషణ గుంపులో 6 శాతం. రెండేళ్లు నిండేసరికి ఇవి 44, 15 శాతం. తమ చికిత్స ఓడిపోయిన లెక్కలను తామే ప్రచురించిన ఈ డేనిష్ పరిశోధకుల నిజాయితీ ప్రశంసనీయం. సి.బి.టి.కి వచ్చిన ధ్రువపత్రాలలో ఇంతకంటె విలువైనది లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అంతకు ముందే, 2004లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ నైస్ తన మార్గదర్శకాలలో బులీమియా ఉన్న పెద్దవారికి సి.బి.టి.ని అత్యున్నత స్థాయి ఆధారాలున్న చికిత్సగా సిఫారసు చేసింది.

విస్తృత రూపం, దాని పరిమితులు

బులీమియా, అనోరెక్సియా వేర్వేరు పేర్లే అయినా, ఒకే మనిషి కాలక్రమంలో ఒకదాని నుండి మరొకదానికి మారడం తరచుగా కనిపిస్తుంది. వీటన్నిటినీ నడిపించే యంత్రాంగం ఒకటేనని వాదిస్తూ ఫెయిర్‌బర్న్, జాఫ్రా కూపర్, రోజ్ షాఫ్రన్ 2003లో ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. దాని ఆధారంగా వచ్చిన మెరుగుపరచిన రూపాన్ని సి.బి.టి.-ఇ అంటారు. పరిపూర్ణత కోసం అతి తపన, ఆత్మగౌరవలోపం, భావోద్వేగాలను తట్టుకోలేకపోవడం, సంబంధాలలో చిక్కులు అనే నాలుగు అంశాలు కూడా కొందరిలో జబ్బును నిలబెడతాయని ఇందులో చేర్చారు. 2015లో ప్రచురితమైన పరీక్షలో 130 మందిలో సి.బి.టి.-ఇ పొందినవారిలో 65.5 శాతం, ఐ.పి.టి. పొందినవారిలో 33.3 శాతం చికిత్స ముగింపుకు ఉపశమనం పొందారు.

అనోరెక్సియా విషయంలో ఇంతటి విజయం లేదు. బరువు పెరగడమే చికిత్స లక్ష్యం కాగా, బరువు పెరగడమే రోగికి అతిపెద్ద భయం కనుక ఇది సహజమే. బ్రిటన్, ఇటలీలలో 99 మంది పెద్దవారికి 40 సమావేశాల సి.బి.టి.-ఇ ఇవ్వగా 64 శాతం మందే పూర్తి చేయగలిగారు (2013). జర్మనీలో 242 మందిపై జరిగి 2014లో ప్రచురితమైన పరీక్షలో సి.బి.టి.-ఇ, మరొక మానసిక చికిత్స, నిపుణుల సాధారణ చికిత్స మూడింటి మధ్య బరువు పెరుగుదలలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. కౌమారంలో ఉన్నవారికి మాత్రం తల్లిదండ్రులనే చికిత్సలో భాగస్వాములను చేసే కుటుంబ చికిత్స ఎక్కువ ఫలవంతమని లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో 1980లలో మొదలైన పరిశోధన చూపింది. అది ఫెయిర్‌బర్న్ మార్గానికి భిన్నమైన, అంతే ముఖ్యమైన పరంపర.

వ్యాప్తి కోసం కృషి, భారతదేశంతో సంబంధం

చికిత్స ఉన్నా చేసేవారు లేకపోతే ప్రయోజనం లేదు. ఈయన చివరి దశ పరిశోధన ఎక్కువగా దీని మీదనే సాగింది. ఆక్స్‌ఫర్డ్‌లోని ఈయన పరిశోధన కేంద్రం పేరు క్రెడో. ఆ పొడి అక్షరాలలో మొదట ఆహార రుగ్మతల పరిశోధనను సూచించిన అక్షరాలు తరువాత చికిత్సల వ్యాప్తిని సూచించేవిగా మారాయి. చికిత్సకులకు అంతర్జాలం ద్వారా శిక్షణ ఇచ్చే పద్ధతిని ఐర్లండు దేశవ్యాప్తంగా పరీక్షించారు.

గోవాలో సంగత్ అనే స్వచ్ఛంద సంస్థ ద్వారా విక్రమ్ పటేల్ నాయకత్వంలో జరిగిన పరిశోధనలో ఫెయిర్‌బర్న్ భాగస్వామి. అది ఆహార రుగ్మతల గురించి కాదు, తీవ్రమైన కుంగుబాటు గురించి. మానసిక వైద్యంలో పట్టా లేని సాధారణ వ్యక్తులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో 495 మంది రోగులపై పరీక్ష జరిపారు. మూడు నెలలకు ఈ సలహాదారుల సహాయం పొందినవారిలో 64 శాతం, మామూలు వైద్యం మాత్రమే పొందినవారిలో 39 శాతం ఉపశమనం పొందినట్లు 2017లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. మానసిక చికిత్సకు నిపుణులు తక్కువగా ఉన్న దేశంలో ఈ పద్ధతికి ప్రాముఖ్యం ఉన్నది.

రచనలు

సాధారణ పాఠకుల కోసం వ్రాసిన ఓవర్‌కమింగ్ బింజ్ ఈటింగ్ (1995, రెండవ కూర్పు 2013) ఈయన పుస్తకాలలో ఎక్కువ ప్రచారం పొందినది. మొదటి సగం జబ్బును వివరిస్తుంది, రెండవ సగం రోగి స్వయంగా అనుసరించదగిన అభ్యాసక్రమం. చికిత్సకుల కోసం 2008లో వెలువడిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అండ్ ఈటింగ్ డిజార్డర్స్ అనే గ్రంథంలో సి.బి.టి.-ఇ పద్ధతి అంతా సమావేశాల వారీగా ఉన్నది. మానసిక వైద్యము, క్లినికల్ సైకాలజీ చదివే విద్యార్థులు మొదట చూడవలసినది ఈ రెండవ పుస్తకమే.