తెర మీద ఎరుపు, గట్టు కింద నీళ్లు

ఫిబ్రవరి నెల, ఉదయం పది కావస్తోంది. కొల్లేటి ఒడ్డున ఒక జెడ్పీ హైస్కూలు. కంప్యూటర్ గది కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశారు. వెనక బల్ల మీద చోటుంది, కూర్చోండి. మీ చుట్టూ ఉన్నవాళ్లంతా చుట్టుపక్కల మండలాల నుంచి ఓడీ మీద వచ్చిన సైన్సు టీచర్లు. నెట్ ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియదని, శిక్షణ ఇచ్చే మాస్టారు ఉపగ్రహ చిత్రాలన్నీ పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చారు.

గోడ మీద మొదటి బొమ్మ పడింది. చాలావరకు ఎరుపు. మధ్యలో నల్లటి గళ్లు, గళ్ల నడుమ సన్నటి గీతలు.

"ఇదేంటండీ, ఊళ్లకు ఊళ్లు తగలబడినట్టుంది!" అన్నారు మీ పక్కనున్న బయాలజీ మేడం.

"మన దాళ్వా వరేనండి మేడం. ఆ నల్ల గళ్లు చేపల చెరువులు."

ఎవరూ నమ్మలేదు. మాస్టారు వాదించలేదు. సంచిలోంచి టీవీ రిమోట్ తీసి మీ చేతికిచ్చారు. బటన్ నొక్కి దాని మూతి వైపు చూడండి. ఏమీ కనబడదు. ఇప్పుడు ఫోన్లో సెల్ఫీ కెమెరా తెరిచి, అందులోంచి చూస్తూ నొక్కండి. రిమోట్ మూతి దగ్గర ఊదారంగు చుక్క మిణుకుమంటోంది. గదిలో ఒక్కసారిగా గోల. అందరి చేతులూ రిమోట్ కోసమే.

"కంటికి ఆననిది కెమెరాకి ఆనింది. అది పరారుణ కాంతి. ఉపగ్రహానికీ అది కనబడుతుంది. మనకు కనబడదు కాబట్టి బొమ్మలో దానికి ఎరుపు వేశారు. వరి చేను అంత పరారుణ కాంతిని ఎందుకు వెనక్కి కొడుతోందో మాత్రం మీరే చెప్పాలి మేడం."

మేడం కాసేపు ఆలోచించి లేచారు. బోర్డు మీద ఆకు అడ్డుకోత గీశారు. పైన బాహ్యచర్మం, దాని కింద స్తంభ కణజాలం, ఇంకా కింద వదులు వదులుగా, గాలి గదులతో స్పంజి కణజాలం. సుద్దముక్క అక్కడ ఆగింది.

"ఎర్ర కాంతిని పత్రహరితం వాడేసుకుంటుంది. పరారుణ కాంతితో దానికి పనిలేదు. అది లోపలికెళ్లి ఈ కణాల గోడలకు కొట్టుకుని బయటికొచ్చేస్తుంది. అంటే... ఆకు జబ్బుపడి ఈ కణాలు దెబ్బతింటే ఆ వెలుగు తగ్గాలి కదండీ?"

తగ్గుతుంది. 1970 ప్రాంతంలో కేరళలో శాస్త్రవేత్త పిషారోటి బృందం హెలికాప్టర్‌లోంచి పరారుణ ఫిల్ముతో కొబ్బరి తోటలను ఫొటోలు తీసి, వేరు తెగులు సోకిన చెట్లను గుర్తుపట్టింది ఈ లెక్కనే. మేడం బోర్డు మీద గీసింది పటం గీసి భాగాలు గుర్తించమని మార్కుల కోసం అడిగే బొమ్మే. దాన్ని ఆకాశం నుంచి చూడొచ్చని తెలిసిన క్షణంలో ఆ మేడం ముఖం మీరు చూసి ఉండాల్సింది. శిక్షణ అంటే ఇదీ అని నా గట్టి నమ్మకం. టీచరుకు తెలియనిది పోగెయ్యడం కంటే, తెలిసినదానికే కొత్త తలుపు తియ్యడం ముఖ్యం.

బొమ్మను పెద్దది చేశారు. గీతలన్నీ విడిపోయి చదరాలైపోయాయి. లాండ్‌శాట్ ఉపగ్రహం తీసిన బొమ్మలో ఒక్కో చదరం, అంటే పిక్సెల్, పొడవు 30 మీటర్లు, వెడల్పు 30 మీటర్లు.

"సెంట్లలో చెప్పండి మాస్టారూ" అన్నారు ఫిజిక్స్ సారు. ఆయనకు సొంత సేద్యం ఉంది. సెంటు అంటే సుమారు 40.5 చదరపు మీటర్లు. 900ని దానితో భాగిస్తే 22 సెంట్లు. అప్పటిదాకా పిక్సెల్ అన్న మాట గాల్లో ఉంది, ఇప్పుడు నేల మీదికి దిగింది.

తర్వాత 2005 నాటి బొమ్మ. దాని మీద ఏటవాలుగా నల్ల చారలు. ప్రొజెక్టర్ తప్పు కాదు. 2003 మే 31న లాండ్‌శాట్ 7లో స్కాన్ గీతలను సరిచేసే భాగం చెడిపోయింది. ఆ తర్వాత తీసిన ప్రతి బొమ్మలోనూ సుమారు 22 శాతం ఖాళీయే. పిల్లలకు ఈ చారల బొమ్మనే ముందు చూపించమంటాను నేను. ఉన్నంతలో ఏం చెప్పగలం, ఏం చెప్పలేం అని తేల్చుకోవడం సైన్సులో సగం పని.

చారల మధ్య కొల్లేరు నిండా చెరువుల గళ్లే. 1999లో అభయారణ్యమై, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కిన సరస్సు ఇది. పక్కనే 2006లో ప్రభుత్వం చెరువుల గట్లు తెగ్గొట్టాక తీసిన బొమ్మ పెట్టారు. ఆ పక్కన ఈ మధ్యది. చాలాచోట్ల గళ్లు మళ్లీ వచ్చాయి.

గది నిశ్శబ్దమైపోయింది.

"మా క్లాసులో సగం ఇళ్లు ఈ చెరువుల మీదే బతుకుతున్నాయండీ. ఈ బొమ్మ పెడితే పిల్లలు ఇంటికెళ్లి ఏమని చెబుతారు?" అని అడిగారు ఒక మేడం.

మాస్టారు తొందరపడలేదు. "ఎవరిది తప్పు అని అడగొద్దండి. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు ఇటు దిగుతాయి, ఉప్పుటేరు ఒక్కటే సముద్రానికి తీసుకెళ్తుంది. గట్లు లేనప్పుడు నీళ్లు ఎక్కడ నిలిచాయి, ఇప్పుడు ఎక్కడ నిలుస్తున్నాయి? పిల్లల్నే కొలవమనండి." ఆ మేడం పూర్తిగా ఒప్పుకున్నట్టు లేదు. ఒప్పుకోకపోవడమూ మంచిదే. ఆ పిల్లల మధ్య నిలబడాల్సింది ఆవిడ.

భోజనాలయ్యాక బయల్దేరండి. పది రోజుల కిందటి బొమ్మలో సరస్సు లోపల ఒక చిక్కటి ఎర్ర మచ్చ ఉంది. జమ్ము అని కొందరు, గుర్రపు డెక్క అని ఇంకొందరు పందెం. అక్షాంశ రేఖాంశాలు మీ ఫోన్లో ఉన్నాయి. గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడుస్తుంటే చెప్పులకు బంకమన్ను, ముక్కుకు చేపల మేత వాసన. దూరంగా గూడకొంగలు. ఫోన్ చెప్పిన చోటికొచ్చారు.

మచ్చ లేదు. వట్టి నీళ్లు.

అంకె తప్పు వేశారా? రెండోసారి చూశారు, సరిగ్గానే ఉంది. పక్కనే దోనెలో వల సర్దుకుంటున్న పెద్దాయన తలెత్తి, "డెక్క కోసమా అండీ? రాత్రి ఉత్తరపు గాలికి అటు కొట్టుకుపోయింది" అని చెయ్యి చూపించాడు. అదిగో, అటు గట్టునానుకుని పచ్చటి తివాచీలా, మధ్య మధ్య లేత ఊదా పూలతో.

బయాలజీ మేడం నోట్సులో రెండు తేదీలు రాసుకున్నారు. బొమ్మ తీసిన తేదీ, తాము చూసిన తేదీ. మధ్యలో "గాలి" అని రాసి కింద గీత గీశారు. "ఉపగ్రహం మళ్లీ ఎప్పుడొస్తుందండీ? ఆ రోజు తొమ్మిదో తరగతిని ఇక్కడికి తెస్తాను" అన్నారు.

లాండ్‌శాట్ 8, 9 కలిపి ప్రతి ఊరినీ 8 రోజులకోసారి ఫొటో తీస్తాయి. మన ప్రాంతం మీదికి వచ్చేది ఉదయం పది దాటాక, బడి జరుగుతున్న వేళ. 2008 నుంచి ఆ బొమ్మలు అందరికీ ఉచితం. మీరు సైన్సు టీచరైతే, మీ బడి ఉన్న ఆ 22 సెంట్ల చదరాన్ని ముందు వెతకండి.