బ్యాంకు టేబుల్ మీద మాట్లాడిన మాట ఎవరిది?

ఈరోజు ఎపిసోడ్ చరిత్రే, కానీ మొదలయ్యేది మా ఇంటి దగ్గర.

మాది గౌడవెల్లి. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ వెళ్లే రైల్వే లైన్‌లో మా ఊరి స్టేషన్ వస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చాక మా వైపు భూముల రేట్లు ఎట్లా పెరిగాయో మీలో చాలామందికి తెలుసు. పోయిన ఏడాది మా నాయిన కొంత భూమి అమ్మాడు. ఆ డబ్బు ఎక్కడ పెడితే బాగుంటుందో అడుగుదామని ఇద్దరం ఒక బ్యాంకుకి వెళ్లాం. బ్యాంకు పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క బ్యాంకు ముచ్చట కాదు.

క్యాబిన్‌లో మా వయసు అబ్బాయే. "కూర్చోండి అంకుల్" అని మర్యాదగా పలకరించాడు, చాయ్ తెప్పించాడు. టేబుల్ మీద ఒక ట్యాబ్ ఉంది. నాయిన గంటసేపు మనసు విప్పి మాట్లాడాడు. ఎంతకి అమ్మాం, చెల్లె పెళ్లికి ఎంత పక్కన పెట్టాలి, బాబాయితో పాలు పంచుకునే దగ్గర ఏం గొడవైంది, తనకి షుగర్ ఎంత ఉంది, అన్నీ. చివర్లో ఆ అబ్బాయి ట్యాబ్ మా వైపు తిప్పాడు. మేం మాట్లాడిందంతా టెక్స్ట్‌గా వచ్చేసింది, కింద సమ్మరీ కూడా ఉంది. "మీటింగ్ నోట్స్ ఆటోమేటిక్‌గా వస్తాయి అంకుల్, మీకే మంచిది" అన్నాడు. ముందు అడిగాడా అంటే, లేదు.

బయటికొచ్చి బండి దగ్గర నిలబడి నాయిన అడిగాడు: "అంటే తమ్ముని గురించి నేను చెప్పింది గూడ అండ్లనే ఉంటదారా?"

నేను బీటెక్ చేసి, వీడియోల్లోకి రాకముందు కాల్ రికార్డింగ్‌లను టెక్స్ట్‌గా మార్చే ప్రాజెక్టులో పనిచేసినవాణ్ని. ఆడియో ఫైల్ ఏ సర్వర్‌కి పోతుందో, టెక్స్ట్ అయ్యాక ఎవరెవరు సెర్చ్ చేసుకోవచ్చో నాకు బాగా తెలుసు. అయినా నాయినకి సూటిగా జవాబు చెప్పలేకపోయా. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు వందేళ్లు వెనక్కి వెళ్దాం. 1923 నవంబర్‌లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంగ్లండ్‌లో టూర్నియర్ అనే ఒక సేల్స్‌మన్ తన బ్యాంకు మీద కోర్టుకెక్కాడు. ఆయన బ్యాంకుకి బాకీ పడ్డది తొమ్మిది పౌండ్ల పైచిలుకు. వాయిదాలు కట్టకపోయేసరికి, ఇంటి అడ్రస్ కనుక్కుందామని మేనేజర్ ఆయన పనిచేసే కంపెనీకి ఫోన్ చేశాడు. ఆ మాటల్లోనే, మీవాడు బాకీ ఉన్నాడు, పందేలు కూడా కాస్తున్నట్టున్నాడు అని చెప్పేశాడు. టూర్నియర్ ఉద్యోగం పోయింది. అప్పీలు కోర్టు ఏమందంటే, కస్టమర్ గుట్టు కాపాడడం బ్యాంకు చేసే మర్యాద కాదు, ఒప్పందంలోనే ఉన్న బాధ్యత. చట్టం అడిగితేనో, కస్టమర్ ఒప్పుకుంటేనో, అలాంటి కొన్ని సందర్భాల్లోనే విషయం బయటికి చెప్పాలి. మన దేశంలో కూడా బ్యాంకుల గోప్యత గురించి మాట్లాడినప్పుడల్లా ఈ కేసు ప్రస్తావన వస్తుంది.

ఇప్పుడు మన హైదరాబాద్‌కి వద్దాం. ఈ కథ మనవాళ్లలో చాలామందికి తెలియదు.

1986లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపు చట్టంలో 73వ సెక్షన్‌ని మార్చింది. పాత సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఆఫీసుల్లో ఉన్న రికార్డుల్నే తనిఖీ చేసేవాళ్లు. కొత్త సెక్షన్‌తో, కలెక్టర్ రాసిచ్చిన ఏ మనిషైనా బ్యాంకులాంటి ప్రైవేటు చోట్లకి కూడా వెళ్లి, కస్టమర్లు పెట్టిన కాగితాలు చూడొచ్చు, నకళ్లు తీసుకోవచ్చు, స్టాంపు డ్యూటీ తక్కువ కట్టారనిపిస్తే వాటిని స్వాధీనం చేసుకోవచ్చు. ప్రభుత్వం బాధ కూడా నిజమే, స్టాంపు డ్యూటీ ఎగ్గొట్టేవాళ్లు ఉన్నారు. కానీ ఎందుకు అనుమానం వచ్చిందో ముందు రాసిపెట్టాల్సిన పని లేదు. ఎవరిని పంపాలనే దానికి సరైన నిబంధనలు లేవు.

బ్యాంకులు ఎదురు తిరిగాయి. హైకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్లింది. కేసు పేరు, డిస్ట్రిక్ట్ రిజిస్ట్రార్ అండ్ కలెక్టర్, హైదరాబాద్ వర్సెస్ కెనరా బ్యాంక్. 2004 నవంబర్ 1న తీర్పు వచ్చింది. అప్పటి చీఫ్ జస్టిస్ ఆర్.సి. లహోటీ, జస్టిస్ అశోక్ భాన్ బెంచ్, హైకోర్టు చెప్పిందే కరెక్ట్ అంది.

అసలు ప్రశ్న ఏంటంటే, నా కాగితం నేనే తీసుకెళ్లి బ్యాంకులో ఇచ్చాను కదా, ఇక దాని మీద నాకు ప్రైవసీ ఎక్కడిది? అమెరికా సుప్రీంకోర్టు 1976లో సరిగ్గా ఇదే మాట అంది. పన్ను కట్టకుండా విస్కీ తయారు చేశాడని మిల్లర్ అనే ఆయన మీద కేసు. ఏజెంట్లు ఆయన రికార్డులు రెండు బ్యాంకుల నుంచి తెప్పించుకున్నారు. అవి బ్యాంకు కాగితాలు, నీవి కావు అని కోర్టు 7–2 తేడాతో తేల్చింది. దీని మీద అక్కడ పెద్ద చర్చ జరిగి, రెండేళ్లకి, 1978లో, అమెరికా పార్లమెంటే ఆర్థిక గోప్యత కోసం ఒక చట్టం తెచ్చింది.

హైదరాబాద్ కేసులో మన సుప్రీంకోర్టు ఆ మిల్లర్ దారిలో వెళ్లలేదు. ప్రైవసీ అనేది మనిషిది, స్థలానిది కాదు అంది. కాగితం ఇంటి బీరువాలోంచి బ్యాంకు లాకర్‌కి మారినంత మాత్రాన దాని గుట్టు పోదు. తర్వాత 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జిలు ప్రైవసీ ప్రాథమిక హక్కు అని చెప్పిన పుట్టస్వామి తీర్పులో కూడా ఈ కేసు గురించి వివరంగా చర్చించారు. అంటే ఈరోజు మన ఫోన్లలో ప్రైవసీ గురించి మాట్లాడుతున్నామంటే, దాని వెనక హైదరాబాద్ స్టాంపు డ్యూటీ పంచాయితీ ఒకటి ఉంది.

ఒక తేడా మాత్రం ఒప్పుకోవాలి. ఆ కేసు ప్రభుత్వం చెయ్యి పెట్టడం గురించి. నాయిన ముందు ట్యాబ్ పెట్టింది బ్యాంకు. కానీ లోపలి మాట ఒక్కటే: ఒకరిని నమ్మి ఇచ్చినంత మాత్రాన వదులుకున్నట్టు కాదు.

అయితే రికార్డింగ్ అంటేనే చెడ్డదా? కాదు. 2008 ఏప్రిల్‌లో రికవరీ ఏజెంట్ల గురించి ఆర్‌బీఐ ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఏజెంట్లు కస్టమర్లతో మాట్లాడే కాల్స్ రికార్డ్ చేయాలి, రికార్డ్ అవుతోందని కస్టమర్‌కి చెప్పడంలాంటి జాగ్రత్తలు తీసుకోవచ్చు అంది. అక్కడ రికార్డింగ్ బెదిరింపులకి గురయ్యే మనిషి కోసం. 2020 జనవరిలో వీడియో కేవైసీకి అనుమతిచ్చినప్పుడు కూడా కస్టమర్ ఒప్పుకోవాలనే షరతు పెట్టింది. యూరప్‌లో 2018 నుంచి పెట్టుబడి ఆర్డర్లకి సంబంధించిన ఫోన్ కాల్స్ రికార్డ్ చేయడం తప్పనిసరి, ముందే చెప్పాలి. ముఖాముఖి మీటింగ్ అయితే? రాతపూర్వక నోట్స్ చాలు. నాయినకి కావాల్సింది కూడా అదే. ఎంత పెడుతున్నాం, ఎన్నేళ్లకి, రిస్క్ ఎంత, ఈ నాలుగు లైన్లు రాసుకుంటే సరిపోయేది. తమ్ముడి ముచ్చట అక్కర్లేదు.

మన 2023 డేటా చట్టం ఏమంటోంది? సమ్మతి స్వేచ్ఛగా ఉండాలి, ఫలానా పనికోసమే అని ఉండాలి, తెలిసి ఇచ్చి ఉండాలి. నోటీసు తెలుగులో అడిగి తీసుకోవచ్చు. ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడం కూడా అంతే తేలికగా ఉండాలి. 2025 నవంబర్‌లో రూల్స్ వచ్చాయి. కానీ ఈ సమ్మతి బాధ్యతలకి 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే దాకా. అప్పటిదాకా నోరు తెరిచి అడగడం మన పనే.

ఏం అడగాలి? రికార్డ్ అవుతోందా? ఎందుకు? ఆడియో, టెక్స్ట్ ఎన్ని రోజులు ఉంచుతారు, ఇంకే కంపెనీకి పోతాయి? వద్దంటే నా పని ఆగుతుందా? నాలుగే ప్రశ్నలు. నాలుగోదానికి వచ్చే జవాబుని బట్టి మీ సమ్మతి నిజమైనదో కాదో తెలిసిపోతుంది.

నాయిన ఏం చేశాడో చెప్పి ముగిస్తా. ఇవే ప్రశ్నలు తెలుగులో కాగితం మీద రాయించి, బ్రాంచ్‌లో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకున్నాడు. ఇరవై రోజులకి ఫోన్ వచ్చింది. ఆడియో తీసేశాం, నోట్స్ మాత్రం సిస్టమ్‌లో ఉంటాయి సర్ అని ఒక మేడం చెప్పింది. "మరి తమ్ముని ముచ్చట ఆడియోల ఉండెనా, నోట్స్‌ల ఉందా మేడమ్?" అని నాయిన అడిగాడు. చూసి చెప్తానంది. ఇంకా చెప్పలేదు.

పోయిన నెల మళ్లీ అదే క్యాబిన్‌కి వెళ్లాం. నాయిన కూర్చోకముందే ట్యాబ్ వైపు వేలు చూపించి, "గది బంద్ జేస్తే మాట్లాడుకుందాం సారూ" అన్నాడు. ఆ అబ్బాయి ఒక్క క్షణం ఆగి, ట్యాబ్ తీసి డ్రాయర్లో పెట్టి, పెన్ను పట్టుకున్నాడు. పని ఏమీ ఆగలేదు, పావుగంటలో అయిపోయింది.

మీ ఇంట్లో పెద్దవాళ్లు బ్యాంకుకి వెళ్తుంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి వినిపించండి. ఉంటా మరి, వచ్చే వారం కలుద్దాం.