పరాన్నజీవి నుంచి భాగస్వామి దాకా: చెదపురుగు పేగులోని సూక్ష్మజీవుల పరిశోధనా చరిత్ర

1. ఉపోద్ఘాతం

చెదపురుగు కలపను తిని బతుకుతుందన్నది అందరికీ తెలిసిన విషయం. ఆ కలపను అది ఒంటరిగా జీర్ణం చేసుకోలేదని తెలియడానికి చాలా కాలం పట్టింది. పేగులోని జీవులకు తొలుత పెట్టిన పేరు, తర్వాతి ప్రయోగాల పరిధి బాక్టీరియా పాత్రను ఎలా మరుగుపరిచాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. పేరు వేసిన ముద్ర

ఫిలడెల్ఫియాకు చెందిన జోసెఫ్ లైడీ 1877లో చెదపురుగు పేగులో కిక్కిరిసి ఉన్న ఏకకణ జీవులను వర్ణించారు. వాటిలో ఒకదానికి ట్రైకోనింఫా అని పేరు పెట్టారు. 1881 నాటి తన విస్తృత వ్యాసానికి ‘చెదపురుగుల పరాన్నజీవులు’ అనే అర్థమిచ్చే శీర్షిక ఉంచారు. పరాన్నజీవి అన్న పేరు ‘ఇవి అతిథేయి నుంచి ఏమి తీసుకుంటున్నాయి?’ అన్న ప్రశ్నకే దారితీస్తుంది. ‘ఏమి ఇస్తున్నాయి?’ అన్న ప్రశ్నకు అందులో చోటు లేదు.

3. క్లీవ్‌లండ్ ప్రయోగం, దాని పరిమితి

ఈ రెండో ప్రశ్నకు 1920వ దశకంలో ఎల్. ఆర్. క్లీవ్‌లండ్ ప్రయోగపూర్వకంగా సమాధానం చెప్పారు. చెదపురుగులను 36 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటలు ఉంచగా ప్రోటోజోవా నశించాయి. చెదపురుగులు బతికే ఉన్నాయి. కానీ కలప మాత్రమే ఆహారంగా ఇచ్చినప్పుడు అవి కొద్ది వారాలలోనే మరణించాయి. ప్రోటోజోవాను తిరిగి పొందినవి మునుపటిలాగే జీవించాయి. పరాన్నజీవులనుకున్నవి ప్రాణాధారమని ఇలా రుజువైంది.

ఫలితం ఎంత స్పష్టమైనదంటే, ఆ తర్వాతి చర్చలో ప్రోటోజోవాకే ప్రాధాన్యం దక్కింది. అయితే చెద జాతులలో అత్యధిక భాగం టెర్మిటిడే కుటుంబానికి చెందుతాయి. వాటి పేగులో ఈ ప్రోటోజోవా లేవు. తెలుగునాట పుట్టలు పెట్టే ఓడాంటోటెర్మిస్ ఈ కుటుంబానిదే. అది పుట్టలో శిలీంధ్రాన్ని పెంచి దాని సాయంతో ఆహారాన్ని సిద్ధం చేసుకుంటుంది. క్లీవ్‌లండ్ వివరణ ఈ జాతులకు వర్తించదు.

4. బాక్టీరియా వెలుగులోకి రావడం

కలపలో నత్రజని అత్యల్పం. మరి చెదపురుగు దేహానికి మాంసకృత్తులు ఎక్కడివి? 1973లో జాన్ బ్రెజ్నాక్ బృందం, విడిగా జాన్ బెనెమాన్, చెదపురుగులలో నత్రజని స్థాపన జరుగుతోందని చూపారు. బాక్టీరియాను అణచే మందులు తినిపించినప్పుడు ఆ ప్రక్రియ ఆగిపోయింది. పేగులోని స్పైరోకీట్లు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్‌లను అసిటేట్‌గా మారుస్తాయని 1999లో, నత్రజనిని స్థాపిస్తాయని 2001లో వెల్లడైంది. ఆ అసిటేటే చెదపురుగుకు ముఖ్య శక్తివనరు. ప్రోటోజోవా లేని నాసుటిటెర్మిస్ పేగులోని బాక్టీరియాలో సెల్యులోజ్‌ను విచ్ఛిన్నం చేసే జన్యువులు అనేకం ఉన్నాయని 2007లో జన్యు విశ్లేషణ తెలిపింది.

5. ముగింపు

ఉష్ణమండల అడవులలో పడిపోయిన మానుల సారం తిరిగి నేలకు చేరడంలో చెదపురుగుల పాత్ర పెద్దది. ఆ పాత్రకు ఆధారం పురుగు, ప్రోటోజోవా, బాక్టీరియా కలిసి నడిపే వ్యవస్థ. క్లీవ్‌లండ్ నిరూపణ తప్పు కాదు. దానిని చెదజాతులన్నిటికీ అన్వయించడమే పొరపాటు. ప్రయోగ ఫలితంతో పాటు అది ఏ జాతిపై, ఏ పద్ధతిలో లభించిందో నమోదు చేయడం శాస్త్ర చరిత్రకారుల బాధ్యత అని ఈ ఉదంతం గుర్తుచేస్తుంది.